పెరట్లో పాంపే రోడ్డు

"మెల్లగా లైఫ్ గాడిలో పడుతుందిలే అన్నా, కొంచెం టైమ్ ఇవ్వాలి అంతే."

మా ఆవిడ పోయాక ఇంటికొచ్చిన వాళ్ళలో సగం మంది నాతో ఈ మాటే అన్నారు. పాపం, వాళ్ళ తప్పేం లేదు. తెలుగువాడు తెలుగువాణ్ణి ఓదార్చడానికి అంతకంటే మంచి మాట దొరకదు. కానీ అది వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. గాడి అంటే ఏమిటో తెలుసా మీకు, ఎప్పుడైనా చూశారా, అని వాళ్ళను నిలదీయాలనిపించేది. మా ఇంట్లో కొన్నేళ్ళపాటు పొద్దుటి కాఫీ నుంచి రాత్రి గిన్నెలు సర్దేదాకా నడిచిన మాట అది. ఇటలీలో, అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయి మళ్ళీ బయటపడిన పాంపే అనే రోమన్ ఊరు ఉంది. ఆ ఊరి వీధుల్లో బండి చక్రాలు తిరిగి తిరిగి రాయి అరిగి పడిన గాడులు ఉన్నాయి. ఒక్కసారి అందులో చెప్పుల్లేకుండా కాలు పెట్టాలని మా ఆవిడ కోరిక. అంతే. నగలు అడిగిన మనిషి కాదు, క్రూయిజ్ అడిగిన మనిషి కాదు. రోడ్డు మీద గుంటలో కాలు పెడతానంది.

మేముండేది అమెరికాలో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. కొత్త కాలనీలకు రోడ్లూ, వాన నీళ్ళు పోయే దారులూ గీసే సివిల్ ఇంజనీరుని నేను. తను పెళ్ళికి ముందు తణుకు దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేది. ఇక్కడికి నా వెంట డిపెండెంట్ వీసా మీద వచ్చి, చాలాకాలం ఉద్యోగం లేకుండా ఇంట్లోనే ఉండిపోయింది. పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఇక్కడ రాయను. నలభై దాటాక ఒక రోజు, యూనివర్సిటీలో ఆర్కియాలజీ మాస్టర్స్‌కి అప్లై చేశానని, సీటు కూడా వచ్చిందని చావు కబురు చల్లగా చెప్పినట్టు చెప్పింది. చావు కబురేం కాదు గానీ, నాకు మాత్రం కొంచెంసేపు అలాగే ఉంది.

మా స్నేహితుల ఇళ్ళల్లో తలా ఒక వంట పట్టుకెళ్ళే పాట్‌లక్కులకు వెళ్ళినప్పుడు దీని మీద ఒకటే వేళాకోళం.

"వదినా, ఈ ఏజ్‌లో మాస్టర్స్ అంటే డేటా సైన్స్ చేయాలి గానీ రోమన్ రోడ్లేంది? ఆల్రెడీ అన్న రోడ్లే కదా డిజైన్ చేసేది!"

"మీ అన్న చేసిన రోడ్లు నాలుగు వానలకే గతుకులు పడతాయి. వాటి మీద రీసెర్చ్ ఏం చేస్తారు?" అనేది తను, పులిహోర వడ్డించుకుంటూ. అందరూ నా వైపు చూసి నవ్వేవారు. నాకు ఉడుక్కోవడం వచ్చు కాబట్టి ఉడుక్కునేవాణ్ణి.

కానీ నిజం చెప్పాలంటే, మా పెళ్ళయ్యాక నా ఉద్యోగం మీద తనకు ఆసక్తి పుట్టింది అప్పుడే. భోజనాల బల్ల మీద ఆ పాంపే వీధి ఫొటోలు పరిచేది. నల్లటి రాళ్ళు పరిచిన రోడ్డు. అటూ ఇటూ జనం నడవడానికి ఎత్తైన అరుగులు. రోడ్డు దాటడానికి అడ్డంగా పెద్ద పెద్ద రాళ్ళు, వాటి మధ్య చక్రం పట్టేంత సందు. వీధి మూల నీళ్ళ తొట్టి.

"కాలువ ఏదీ?" అన్నాను మొదటిసారి చూసి.

"చాలా చోట్ల లేదండీ. రోడ్డే కాలువ. వాన నీళ్ళూ, తొట్టి పొంగిన నీళ్ళూ అన్నీ రోడ్డు మీదే పారేవి. అందుకే దాటడానికి రాళ్ళు వేసుకున్నారు."

"వాలు ఎటు?"

"అది చెప్తారనే కదా మీకు చూపిస్తోంది! ఇన్నాళ్ళూ నీళ్ళు ఎటు పోతాయో గీసీ గీసీ ఇప్పుడు నన్నడుగుతారేంటి?"

నేను పెన్సిల్ తీసుకుని యూనివర్సిటీ వాళ్ళు ఇచ్చిన కొలతల మీద బాణాలు గీసేవాణ్ణి. ఇక్కడ నీళ్ళు నిలుస్తాయి, ఇక్కడ మలుపులో అరుగుకి కొట్టుకుంటాయి, ఈ ఇంటివాడు తిట్టుకుని ఉంటాడు, అని చెప్పేవాణ్ణి. తను చెంపకు చెయ్యి ఆనించుకుని వినేది. పప్పు చల్లారిపోయేది. అంత సంతోషంగా ఉన్నామని అప్పుడు మాకు తెలియదు.

గాడి గొడవ మొదటి సెమిస్టర్‌లోనే వచ్చింది. ఒక పేపర్ రాసింది. ఆ ఊరికి అగ్నిపర్వతం బద్దలవడానికి కొన్నేళ్ళ ముందు పెద్ద భూకంపం వచ్చింది. జనం కూలినవి కట్టుకుని, పగిలిన గొట్టాలు మార్చుకుని మళ్ళీ నిలదొక్కుకుంటున్నారు. ఆ సంగతి రాస్తూ ఈవిడ ఇంగ్లీషులో, ఆ ఊరి జీవితం సంతోషంగా మళ్ళీ రట్‌లో పడింది అని రాసింది. ప్రొఫెసరమ్మ ఆ వాక్యం చుట్టూ ఎర్రగా గీసి, మీరు చెప్పదలుచుకున్నది దీనికి పూర్తిగా వ్యతిరేకం అనుకుంటాను, అని పక్కన రాసింది.

"రట్ అంటే గాడే కదండీ?" అంది, చెప్పులు కూడా విడవకుండా నా ముందుకొచ్చి.

"గాడే."

"మరి తప్పేముంది?"

నేను చదివి పడీపడీ నవ్వాను. ఇంగ్లీషువాడు రట్‌లో పడ్డాడంటే ఎదుగూ బొదుగూ లేకుండా కూరుకుపోయాడని. మనవాడు గాడిలో పడ్డాడంటే హమ్మయ్య, ఒడ్డున పడ్డాడని. సంతోషంగా కూరుకుపోయారని రాసి వచ్చింది మా ఆవిడ.

"నవ్వకండి, నాకు ఒళ్ళు మండుతోంది," అంది. "వీళ్ళెవరూ బండెక్కి ఉండరు. అందుకే గాడి అంటే బురద అనుకుంటున్నారు."

తను ఎక్కింది. చిన్నప్పుడు వాళ్ళ తాత చెరుకు బండి మీద షుగర్ ఫ్యాక్టరీకి వెళ్ళేది. గాడి దొరికేదాకా తాత ఎడ్లను అదిలిస్తూనే ఉండేవాడట. చక్రం గాడిలో పడగానే పగ్గం ఈవిడ చేతికిచ్చి కునుకు తీసేవాడట. ఎడ్లు వాటంతటవే పోయేవి. ఆ మరుసటి క్లాసులో ఇదంతా చెప్పి, గాడి అంటే రోడ్డు పాడైన చోటు అని మీరు ముందే ఎందుకు అనుకుంటున్నారు, బండివాడికి అది దారి చూపించి ఉండొచ్చు కదా, అని అడిగిందట. ప్రొఫెసరమ్మ మంచి మనిషి. కోప్పడలేదు సరికదా, నీ థీసిస్ ఇదే, మొదలుపెట్టు, అంది. ఆ రోజు మా ఆవిడ ఇంటికొచ్చి రెండు చేతులతో నా చెంపలు పట్టుకుని ఊపేసింది. అంతకు ముందెన్నడూ అలా చేసిన మనిషి కాదు.

ఇక అక్కణ్ణుంచి ఆ గాడి చూడాలని ప్రాణం కొట్టుకునేది. ప్రతి వేసవిలోనూ వాళ్ళ డిపార్ట్‌మెంట్ వాళ్ళు అక్కడికి వెళ్ళేవారు. మా గ్రీన్‌కార్డు ఫైలు అప్పుడు నడుస్తోంది. లాయరేమో ఇద్దరిలో ఎవరూ ఇప్పుడు కంట్రీ దాటొద్దు, దాటితే రీఎంట్రీకి గ్యారంటీ లేదు, అన్నాడు. ఇక్కడున్న మనవాళ్ళకు ఈ మాట కొత్త కాదు. దీని వల్ల సొంత తమ్ముడి పెళ్ళికి పోని వాళ్ళున్నారు, తండ్రి పోతే ఫోన్‌లో చూసిన వాళ్ళున్నారు. వాళ్ళ ముందు ఒక రోడ్డు కోసం ఏడవడానికి కూడా తనకు మొహమాటం. క్లాసు పిల్లలందరూ ఎగిరిపోతే తను ఇక్కడ కూర్చుని వాళ్ళు పంపిన ఫొటోలు కంప్యూటర్‌లో ఒకదానికొకటి అతికించేది. ఒక అమ్మాయి సరదాకి, గాడిలో బూటు కాలు పెట్టి సెల్ఫీ పంపింది.

"బూటేసుకుని పెట్టిందండీ," అంది నాతో. "బూటేసుకుంటే ఏం తెలుస్తుంది?"

సింక్ దగ్గరకెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

చివరికి ప్రయాణానికి పర్మిట్ వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో పండగ. టిక్కెట్ బుక్ చేసింది. ఎండకు వెడల్పాటి టోపీ ఒకటి కొంది. నేను కూడా వస్తానంటే, "మీరొస్తే ఆ రోడ్డుకి డ్రెయిన్ లేదని వాళ్ళతో పోట్లాడతారు, వద్దు," అంది. ఆ నెలలోనే కడుపులో నొప్పి మొదలైంది. గ్యాస్ అనుకున్నాం. వాము నమిలింది, మజ్జిగ తాగింది. తగ్గలేదు. స్కాన్ చేసి, క్లోమంలో క్యాన్సర్ అని, కాలేయానికి కూడా పాకిందని చెప్పారు.

తను డాక్టర్ని మొదట అడిగిన ప్రశ్న, ఎన్నాళ్ళు బతుకుతాను అని కాదు. జూన్‌లో ఫ్లైట్ ఉంది, వెళ్ళి వచ్చాక ట్రీట్‌మెంట్ మొదలుపెట్టొచ్చా, అని. ఆ డాక్టర్ తన వైపు, తర్వాత నా వైపు చూశాడు. కుదరదు అన్నాడు. పోనీ కొన్ని కీమోలు అయ్యాక? చూద్దాం, అన్నాడు. డాక్టర్ల నోట చూద్దాం అనే మాట ఎంత చెడ్డదో నాకు అప్పుడే తెలిసింది. టిక్కెట్ నేనే క్యాన్సిల్ చేశాను. కారణం ఏమిటో ఎంచుకోమని వెబ్‌సైట్ అడిగితే ల్యాప్‌టాప్ మూసేసి గరాజ్‌లోకి పోయి నిలబడ్డాను. చాలాసేపటికి గానీ లోపలికి రాలేకపోయాను.

కీమో తనను పీల్చి పిప్పి చేసింది. జుట్టు పోయింది, రుచి పోయింది. వేళ్ళ చివర్లూ, అరికాళ్ళూ తిమ్మిర్లంది. మందు వల్ల నరాలు దెబ్బతింటాయి, మామూలే, అన్నారు. ఎలా ఉంది అని అడిగినప్పుడల్లా, "తిమ్మిరిగానే ఉందండీ," అనేది. నేను కొబ్బరినూనె రాసి పాదాలు నొక్కేవాణ్ణి. హాయిగా ఉందనేది.

ఆ రోజుల్లోనే వాళ్ళ డిపార్ట్‌మెంట్‌లో జనం చూడటానికని ఒక ప్రదర్శన పెట్టారు. ఆ వీధిలో ఒక భాగాన్ని అసలు కొలతల్లోనే ప్లాస్టిక్ షీట్ల మీద ప్రింట్ చేసి, జిమ్ నేల మీద పరిచారు. అందులో సగం ఫొటోలు తను అతికించినవే. వెళ్దాం అని పట్టుబట్టింది. వెళ్ళాం. పిల్లలు దాని మీద పరిగెడుతున్నారు, పెద్దవాళ్ళు కాఫీ కప్పులతో తిరుగుతున్నారు. తను షీట్ అంచు దగ్గర ఆగి, నా భుజం పట్టుకుని చెప్పులు విడిచింది.

"బూట్లతో ఎక్కేస్తున్నారేంటండీ వీళ్ళు," అని గొణిగింది.

మెల్లగా నడిచి గాడి బొమ్మ దగ్గరకెళ్ళింది. నల్లటి చార. నీడతో సహా అచ్చు అలాగే ప్రింటయింది, చూస్తే లోతుగానే ఉంది. దాని మీద కాలు పెట్టింది. వంగి పాదం వైపు చూసుకుంది. ప్రొఫెసరమ్మ నవ్వుతూ వచ్చి ఎలా ఉందని అడిగితే, చాలా బాగుంది, వండర్‌ఫుల్, అంది. తిరిగొచ్చేటప్పుడు కార్‌లో టోల్‌వే ఎక్కేదాకా ఊరుకుంది. తర్వాత, "గాడి లేదండీ," అంది. "బల్లపరుపుగా ఉంది. కాలు పైనే ఉండిపోయింది." అది ఉత్త ప్రింట్ అని తనకు తెలియదా? దాన్ని తయారు చేసిందే తను. అయినా చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. డ్రైవ్ చేస్తూ నేను ఏమీ చేయలేకపోయాను.

మర్నాడు ఆఫీస్‌కి సెలవు పెట్టి ప్రొఫెసరమ్మ దగ్గరకెళ్ళాను. ఆ గాడిని లేజర్‌తో కొలిచిన ఫైలు ఉంటే ఇవ్వమన్నాను. ఎందుకో చెప్పాను. ఆవిడ వెంటనే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చింది. థర్మోకోల్ దిమ్మల్ని మిషన్ మీద కోసే షాపులో ఇచ్చి, ఆ గాడి లోతూ, వంపూ అన్నీ ఉన్న అచ్చు కోయించాను. పెరట్లో చెక్కలు బిగించి, నల్లరంగు కలిపిన కాంక్రీట్ పోసి, అచ్చుని పైనుంచి అందులోకి నొక్కి బరువులు పెట్టాను. మా కాలనీ కమిటీ వాళ్ళకు కంచె రంగు కాస్త మారితేనే నిద్రపట్టదు. వాళ్ళు వచ్చి అడిగితే ఏం చెప్పాలా అని కూడా ఆలోచించలేదు. రమ్మనండి చూద్దాం, అనుకున్నాను.

తొందరలో త్వరగా గట్టిపడే రకం సిమెంట్ కొన్నాను. నా జన్మంతా కాంక్రీట్‌తో గడిచింది, అయినా బుద్ధి గడ్డి తింది. టెక్సస్ ఎండకు అది నిలువునా బీటలు వారింది. ఆ దిమ్మను కాలితో తన్నాను, నోటికొచ్చినట్టు తిట్టాను. కిటికీలోంచి తను చూస్తూనే ఉంది.

"ఏవండీ, దాన్ని తిడితే అతుక్కుంటుందా?" అంది.

రెండోసారి మామూలు సిమెంట్‌తోనే పోశాను. పాత నూలు చీరలు తడిపి కప్పి, పొద్దునా సాయంత్రం నీళ్ళు పెట్టాను. ఆ లోపల తన ఒళ్ళు రోజురోజుకీ క్షీణిస్తోంది. కాళ్ళకు నీరు వచ్చింది. మంచం దిగడం తగ్గిపోయింది. చివరి రోజుల్లో నొప్పి తెలియకుండా చూసుకునే హాస్పిస్ నర్స్ ఇంటికి రావడం మొదలైంది.

"ఎప్పటికి ఆరుతుందండీ?" అని అడిగేది.

"ఆరకూడదు. తడిగా ఉంటేనే గట్టిపడుతుంది. ఓపిక పట్టు."

"నాకు ఓపిక ఉంది. నా ఒంటికే లేదు."

సిమెంట్‌ని తొందరపెట్టడం ఎవరివల్లా కాదు. చీర మీద నీళ్ళు పోస్తూ, ఇంకొన్నాళ్ళు, ఇంకొన్నాళ్ళు, అని దేవుణ్ణి బతిమాలేవాణ్ణి. నాకు అంతకు ముందు దేవుడి అలవాటు లేదు.

ఒక ఆదివారం పొద్దున, ఎండ ముదరకముందే చెక్కలు విప్పాను. అచ్చు ముందే తీసేసి ఉంచాను. తనకు టోపీ పెట్టి, వీల్‌చెయిర్‌లో పెరట్లోకి తీసుకొచ్చాను. నల్లటి రోడ్డు ముక్క. రాళ్ళ మధ్య అతుకులు తాపీతో గీశాను. మధ్యలో గాడి, బెత్తెడు లోతు.

"ఇక్కడ వీసా అడగరు కదా?" అంది.

"మన కాలనీ కమిటీ వాళ్ళు అడిగినా అడుగుతారు. త్వరగా కానీ."

మేజోళ్ళు తీశాను. రెండు చంకల కిందా చేతులు పెట్టి లేపి నిలబెట్టాను. ఎముకలు నా చేతులకు గుచ్చుకున్నాయి.

"ఆగండి, కళ్ళు మూసుకుంటాను. తెరిస్తే మన బార్బెక్యూ గ్రిల్ కనబడుతోంది."

కళ్ళు మూసుకుంది. కుడి కాలు మెల్లగా ఎత్తింది. కాలు గాలిలో కాస్త తడబడింది, తర్వాత దిగింది. సరిగ్గా గాడిలోకి దిగింది. నేను రోడ్డు చూడలేదు, తన ముఖమే చూస్తున్నాను. అది ఎప్పుడు మారుతుందా అని చూస్తున్నాను. మారలేదు. ఎదురుచూస్తున్నట్టే ఉంది. కాసేపయ్యాక చిన్నగా అడిగింది.

"పెట్టానాండీ?"

నాకు ముందు అర్థం కాలేదు. తిమ్మిరి, తిమ్మిరి అని నాకు చెబుతూ వచ్చింది. ఆ పాదాలకు ఏమీ తెలియడం లేదని, ఎన్నాళ్ళుగా తెలియడం లేదో, చెప్పనే లేదు.

"పెట్టావు," అన్నాను. "మడమ దాకా లోపలే ఉంది."

"నిజంగా?"

"నీ మీదొట్టు."

"అయితే మీరూ పెట్టండి. పెట్టి ఎలా ఉందో చెప్పండి."

తనను ఒక చేత్తో పొదివి పట్టుకుని, చెప్పు విదిల్చి, తన పాదం వెనకే నా పాదం పెట్టాను.

"చల్లగా ఉంది," అన్నాను. "తడి ఇంకా పూర్తిగా పోలేదు."

"అంచు?"

"గరుగ్గా ఉంది. గీసుకుంటోంది."

"అడుగున?"

"అడుగున నున్నగా ఉంది."

అప్పుడు మారింది తన ముఖం. కళ్ళు మూసుకునే నవ్వింది. "నున్నగా ఉందా? అయితే చాలా బళ్ళు నడిచాయండీ దీని మీద. ఏళ్ళ తరబడి నడిస్తే గానీ రాయి అలా నున్నబడదు."

తన కాలికి గీసుకుంటుందేమోనని, అచ్చు తీశాక రోజూ పొద్దున్నే కూర్చుని సన్నటి గరుకు కాగితంతో ఆ అడుగు రుద్దింది నేను. దాని మీద ఒక్క బండీ నడవలేదు.

"అవును," అన్నాను. "చాలా బళ్ళు నడిచాయి."